హార్డ్‌వేర్ కొన్నారు సరే, తీగల సంగతేంటి?

1947లో షికాగోలో హార్మోనీక్యాట్స్ అనే హార్మోనికా బృందం ‘పెగ్ ఓ మై హార్ట్’ అనే పాట రికార్డు చేసింది. ఇంజనీరు బిల్ పుట్నమ్. ఆయన స్టూడియో అప్పట్లో ఆ ఊరి సివిక్ ఒపేరా భవనంలో ఉండేది. పుట్నమ్ అక్కడి బాత్‌రూమ్‌లో ఒక స్పీకరు, ఒక మైకు పెట్టాడు. వాద్యాల ధ్వనిలో కొంత భాగాన్ని తీగ మీద ఆ స్పీకరుకు పంపాడు. నున్నటి గోడలకు కొట్టుకుని వచ్చిన మోతను మైకుతో పట్టి, ఇంకో తీగ మీద వెనక్కి తెచ్చి అసలు ధ్వనిలో కలిపాడు. పాట దేశమంతా మోగిపోయింది. కృత్రిమ ప్రతిధ్వనిని కావాలని, కళగా వాడిన తొలి పాప్ రికార్డుల్లో దాన్ని ఒకటిగా చెప్పుకుంటారు.

ఇవాళ్టి లెక్కలో ఆ బాత్‌రూమ్ ఒక అవుట్‌బోర్డ్ ప్రాసెసరే. మిక్సింగ్ బల్లకు అవతల, విడిగా కూర్చుని సిగ్నల్‌కు ఏదో ఒకటి చేసి పంపే ప్రతి పరికరమూ అదే కోవలోకి వస్తుంది. గట్టిగా పాడినచోట అదుపు చేసే కంప్రెసర్, బేస్ ట్రెబుల్ సవరించే ఈక్యూ, గది మోతను పుట్టించే రివర్బ్ అన్నీ అంతే. 1957లో జర్మనీ నుంచి వచ్చిన ఈఎమ్‌టీ 140 ప్లేట్ రివర్బ్‌లో పెద్ద ఉక్కు రేకును చట్రానికి వేలాడదీసి కంపింపజేసేవారు. దాని బరువు సుమారు 270 కిలోలు. బాత్‌రూమ్ అయినా, ఉక్కు రేకైనా, ఇప్పటి రెండంగుళాల మందం ఇనప డబ్బా అయినా కలిపే పద్ధతి ఒకటే. పంపే తీగ సెండు, తెచ్చే తీగ రిటర్ను.

హైదరాబాద్‌లోనో వరంగల్‌లోనో బెజవాడలోనో పడగ్గదిని స్టూడియోగా మార్చుకున్నవాళ్ల దగ్గర మామూలుగా ఉండేవి ఒక ల్యాప్‌టాప్, యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్, కండెన్సర్ మైకు, రెండు మానిటర్ స్పీకర్లు. యూట్యూబ్ జానపదాలు, షార్ట్ ఫిల్ముల డబ్బింగులు, భక్తి పాటలు ఎన్నో ఇలాంటి గదుల్లోంచే వస్తున్నాయి. కంప్రెసర్, ఈక్యూ, రివర్బ్ అన్నీ ప్లగిన్లుగా కంప్యూటర్లోనే దొరుకుతాయి కాబట్టి పని జరిగిపోతుంది. కొన్నాళ్లకు మాత్రం చెయ్యి ఊరుకోదు. తిప్పడానికి నిజమైన నాబ్, ఊగడానికి నిజమైన ముల్లు ఉన్న డబ్బా ఒకటి కావాలనిపిస్తుంది. డబ్బులు కూడబెట్టి కొంటారు. వెనక్కి తిప్పి చూస్తే నాలుగైదు సాకెట్లు, ఇంటర్‌ఫేస్ వెనకా అన్నే. దేన్ని దేనిలో పెట్టాలని స్నేహితులకు ఫోన్లు మొదలవుతాయి.

నేను చెప్పేది ఒకటే. డబ్బా ధరలో పదో వంతైనా తీగలకూ జాక్‌లకూ తీసిపెట్టలేనివాళ్లు ఆ డబ్బా కొనకపోవడమే మేలు. కనెక్షన్ చెడ్డదైతే మంచి కంప్రెసర్ చేసే మొదటి పని ఆ కనెక్షన్‌లోని చెత్తను పైకి లేపి వినిపించడమే. ఇది ఊరికే అనే మాట కాదని కింద లెక్క వేసి చూపిస్తాను.

ముందు ఇంటర్‌ఫేస్ వెనక అవుట్‌పుట్లు ఎన్నున్నాయో చూసుకోండి. రెండే ఉంటే అవి స్పీకర్లకు సరిపోతాయి, బయటి పరికరానికి దారి లేదు. నాలుగు ఉంటే 1, 2 స్పీకర్లకు పోగా 3, 4 మిగులుతాయి. మోనో కంప్రెసర్‌కు ఒక అవుట్, ఒక ఇన్ చాలు. స్టీరియో అయితే రెండేసి కావాలి. రిటర్ను వచ్చే ఇన్‌పుట్ విషయంలో ఇంకో తిరకాసుంది. ముందువైపు కనిపించే కాంబో సాకెట్లలో జాక్ పెడితే చాలా ఇంటర్‌ఫేస్‌లలో సిగ్నల్‌ను ఒకసారి తగ్గించి, మళ్లీ మైకు ప్రీఆంప్ గుండానే పంపుతారు. వెనకవైపు ‘లైన్ ఇన్’ విడిగా ఉంటే రిటర్ను అక్కడికే తేవాలి. గిటారు కోసం ఇచ్చిన ‘ఇన్‌స్ట్’ మీట నొక్కి ఉంటే తీసెయ్యాలి. ఇవన్నీ చేస్తున్నంతసేపూ స్పీకర్లు మ్యూట్‌లో ఉండాలి. రిటర్ను వచ్చే ట్రాకును పొరపాటున మళ్లీ అవుట్ 3కే పంపారంటే సిగ్నల్ తన తోకను తానే పట్టుకుని కూత పెడుతుంది. ఆ కూతకు ట్వీటర్లు కాలిపోవచ్చు, చెవులకు అంతకన్నా నష్టం.

ఇప్పుడు వోల్టేజీ. మైకు నుంచి వచ్చేది మిల్లీవోల్టుల్లో ఉంటుంది. ప్రీఆంప్ దాన్ని వందల రెట్లు పెంచి లైన్ లెవెల్‌కు తెస్తుంది. బయటి ప్రాసెసర్లకు కావలసింది ఈ లైన్ లెవెలే. అయితే అందులో రెండు తెగలున్నాయి. స్టూడియో సరుకు ‘ప్లస్ ఫోర్’లో నడుస్తుంది. అంటే +4 డీబీయూ, సుమారు 1.23 వోల్టులు. ఇళ్లలోని క్యాసెట్ డెక్కులు, కొన్ని చౌక ఎఫెక్ట్ యూనిట్లు ‘మైనస్ టెన్’లో నడుస్తాయి. అంటే -10 డీబీవీ, 0.316 వోల్టు. రెండింటి మధ్య తేడా దాదాపు నాలుగు రెట్లు, డెసిబెల్స్‌లో 12కు కాస్త తక్కువ. నాలుగూ పదీ కలిపి 14 అనుకునేవాళ్లున్నారు గానీ రెండింటి కొలబద్దలు వేరు. డీబీవీలో సున్నా అంటే ఒక వోల్టు, డీబీయూలో సున్నా అంటే 0.775 వోల్టు. ఈ వింత అంకె టెలిఫోను వాళ్ల నుంచి వచ్చింది. 600 ఓమ్‌ల లైనులో ఒక మిల్లీవాటు శక్తికి కావలసిన వోల్టేజీ అది. మన దుకాణాల్లో పి-38 అని అమ్మే 6.35 మిల్లీమీటర్ల జాక్ కూడా వాళ్ల సొత్తే. 19వ శతాబ్దపు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో ఆపరేటర్లు గుచ్చిన పిన్ను నుంచే అది పుట్టింది.

మైనస్ టెన్ డబ్బా అవుట్‌పుట్‌ను ప్లస్ ఫోర్ ఇన్‌పుట్‌కు ఇస్తే సిగ్నల్ సన్నగా వస్తుంది. సరిచేయడానికి 12 డెసిబెల్స్ పెంచితే నాయిస్ కూడా అంతే పెరుగుతుంది. తిరగేసి కలిపితే లోపలి సర్క్యూట్ నిండిపోయి ధ్వని చిట్లుతుంది. చాలా పరికరాల వెనక +4/-10 అని చిన్న స్విచ్ ఉంటుంది. జనం ఏళ్ల తరబడి దాని వంక చూడరు.

ఓమ్‌ల గురించి ఒక్క మాట. పాత కాలంలో ఇచ్చే వైపూ పుచ్చుకునే వైపూ 600 ఓమ్‌లే ఉండేలా జత కలిపేవారు. ఇప్పుడా అవసరం లేదు. అవుట్‌పుట్ ఓ 100 ఓమ్‌లు, ఇన్‌పుట్ 10,000 ఓమ్‌లు ఉంటే వోల్టేజీ దాదాపు నష్టం లేకుండా చేరుతుంది. ట్రాన్స్‌ఫార్మర్లతో నడిచే పాతకాలపు యూనిట్లకు మాత్రం కొన్నిసార్లు చివర్లో 600 ఓమ్‌ల రెసిస్టరు కట్టాల్సి వస్తుంది. లేకపోతే పైస్థాయి ధ్వనులు గరగరలాడతాయి.

లెవెల్ ఎందుకంత ముఖ్యమో చూడాలంటే 1176 కంప్రెసరే మంచి ఉదాహరణ. అది కూడా పుట్నమ్ రూపొందించిందే, 1960ల చివర్లో వచ్చింది. దాని నకళ్లు ఇవాళ రకరకాల ధరల్లో దొరుకుతాయి. చాలా కంప్రెసర్లలో ‘ఇంత దాటితే నొక్కు’ అని చెప్పడానికి థ్రెషోల్డ్ నాబ్ ఉంటుంది. 1176లో అది లేదు. హద్దు లోపలే స్థిరంగా ఉంటుంది. ఇన్‌పుట్ నాబ్‌తో సిగ్నల్‌ను ఆ హద్దు మీదికి తోస్తాం. అంటే ఇంటర్‌ఫేస్ నుంచి మీరు పంపే వోల్టేజీయే ఎంత కంప్రెషన్ అవుతుందో సగం తేల్చేస్తుంది. నిన్న ట్రాకు -6 దగ్గర, ఇవాళ -18 దగ్గర పెట్టి పంపితే నాబ్‌లు కదపకపోయినా రెండు వేర్వేరు పాటలు వస్తాయి. పైగా దాని అటాక్ 20 మైక్రోసెకన్ల నుంచి 800 మైక్రోసెకన్ల వరకే, నాబ్ కుడికి తిప్పేకొద్దీ వేగం పెరుగుతుంది. ఇది తెలియక ‘నెమ్మది’ అనుకుని వేగం పెట్టుకునేవాళ్లు ఎందరో. టెలిట్రానిక్స్ వాళ్ల ఎల్‌ఏ-2ఏ అనే కంప్రెసర్ దీనికి పూర్తిగా భిన్నం. అందులో సిగ్నల్ ఒక చిన్న వెలుగు పలకను వెలిగిస్తుంది, ఆ వెలుతురు పడిన సెల్లు నిరోధం మారి ధ్వనిని తగ్గిస్తుంది. వెలుగు తగ్గినా సెల్లు వెంటనే కోలుకోదు. గొంతు మీద దాని పట్టు మెత్తగా ఉండటానికి కారణం ఆ బద్ధకమే.

మరి ఎంత పంపాలి? కంప్యూటర్లో అన్నిటికన్నా పై హద్దు 0 డీబీఎఫ్‌ఎస్. దాని దగ్గర ఎన్ని వోల్టులు బయటికొస్తాయన్నది ఇంటర్‌ఫేస్‌ను బట్టి మారుతుంది. అమెరికా ప్రసార రంగం అనుసరించే లెక్కలో -20 డీబీఎఫ్‌ఎస్ అంటే +4 డీబీయూ, అంటే గరిష్ఠం +24. యూరప్ లెక్కలో -18 అంటే 0 డీబీయూ, గరిష్ఠం +18. ఇంటి ఇంటర్‌ఫేస్‌లలో అంతకన్నా తక్కువ ఉండటం మామూలే. మీ మాన్యువల్‌లో గరిష్ఠ అవుట్‌పుట్ +16 డీబీయూ అని ఉందనుకోండి. అందులోంచి 12 తీసేస్తే +4. కాబట్టి ట్రాకు సగటు -12 దగ్గర ఉంటే బయట డబ్బాకు దాని ఇష్టమైన 1.23 వోల్టులు అందుతాయి. నమ్మకం కుదరకపోతే కొలవొచ్చు. కంప్యూటర్లోంచి -12 దగ్గర ఒక సైన్ టోన్ వినిపించి, మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల్లో పెట్టి, తీగ చివర సిగ్నల్ పిన్నులు రెండింటి మధ్య చూడండి. టోన్ 1000 హెర్ట్జ్ వద్దు, 200 చాలు. చౌక మల్టీమీటర్లను ఇంటి కరెంటు కొలవడానికి చేశారు కాబట్టి పైస్థాయిల్లో అవి తప్పు చెబుతాయి.

ఆ తీగ చివరను ఒకసారి విప్పి చూద్దాం. ఎక్స్‌ఎల్‌ఆర్ కనెక్టరు తోకను తిప్పి తొడుగు వెనక్కి లాగితే లోపల మూడు పిన్నులుంటాయి. పక్కనే కంటికి ఆనీ ఆనకుండా 1, 2, 3 అని పోతపోసి ఉంటుంది. 1కి, తీగ చుట్టూ వలలా అల్లిన షీల్డును మెలితిప్పి అతికిస్తారు. 2కి ఒక రంగు తీగ, 3కి ఇంకో రంగు తీగ. 2లో సిగ్నల్ మామూలుగా, 3లో తలకిందులుగా పోతుంది. ఈ రెండు తీగలనూ ఒకదాన్నొకటి పెనవేసి ఉంచుతారు. అవతలి పరికరం 2లోంచి 3ని తీసివేస్తుంది. తలకిందులుగా ఉన్నదాన్ని తీసేస్తే కూడినట్టే కాబట్టి సిగ్నల్ నిలుస్తుంది. దారిలో ఫ్యాన్ రెగ్యులేటరో ఎల్‌ఈడీ డిమ్మరో అంటించిన గోల రెండు తీగల్లోనూ ఒకేలా ఉంటుంది. తీసివేతలో అది పోతుంది. బ్యాలెన్స్‌డ్ కనెక్షన్ అంటే ఇంతే. చాలామంది అనుకునేదానికి భిన్నంగా, గోల పోవడానికి 3లో సిగ్నల్ ఉండి తీరాలని లేదు. భూమితో పోల్చినప్పుడు రెండు తీగల ఇంపెడెన్సూ సమానంగా ఉంటే చాలు. చౌక పరికరాలు కొన్ని 3వ పిన్నులో సిగ్నలేమీ పంపకుండా, సమానమైన రెసిస్టరు మాత్రం పెట్టి ఊరుకుంటాయి. అదీ పనిచేస్తుంది.

పి-38లో ఇదే పని చేసేది స్టీరియో పిన్ను. దుకాణంలో అలాగే అడగాలి, మీరు మోసేది మోనో సిగ్నలే అయినా. దాని కొన 2వ పిన్నుకు, మధ్య ఉంగరం 3కి, ఒర 1కి సమానం. మిక్సర్ల మీద ఉండే ‘ఇన్‌సర్ట్’ సాకెట్ చూడటానికి అచ్చం ఇలాగే ఉంటుంది, అర్థం మాత్రం పూర్తిగా వేరు. అక్కడ సాధారణంగా కొన పంపుతుంది, ఉంగరం తెచ్చుకుంటుంది. దానికి ఒకవైపు స్టీరియో పిన్ను, ఇంకోవైపు రెండు మోనో పిన్నులున్న వై కేబుల్ కావాలి. మామూలు బ్యాలెన్స్‌డ్ తీగను ఇన్‌సర్ట్‌లో పెట్టి ధ్వని రావట్లేదని డబ్బాను తిట్టుకోవడం సర్వసాధారణం.

ఇప్పుడు అందరినీ ఏడిపించే హమ్మింగ్ దగ్గరికి వద్దాం. కంప్రెసర్ గోడ సాకెట్‌లోని మూడో పిన్ను ద్వారా ఎర్త్‌కు కలిసి ఉంటుంది. ల్యాప్‌టాప్ ఛార్జరు ద్వారా ఇంటర్‌ఫేస్ కూడా ఎర్త్‌కు చేరుతుంది. వీటి మధ్య మీరు ఆడియో తీగ కట్టగానే దాని షీల్డు రెండో దారవుతుంది. రెండు దారులూ కలిసి గుండ్రంగా ఒక వలయం. ఇంట్లోని ట్రాన్స్‌ఫార్మర్లు, కరెంటు తీగలు పుట్టించే 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం ఆ వలయంలో కరెంటు నడుపుతుంది. అన్‌బ్యాలెన్స్‌డ్ తీగలో షీల్డే సిగ్నల్‌కు తిరుగు దారి కాబట్టి ఆ కరెంటు వల్ల పుట్టిన వోల్టేజీ నేరుగా పాటలో కలుస్తుంది.

లెక్క చూడండి. షీల్డు నిరోధం 0.1 ఓమ్, అందులో పారేది 10 మిల్లీఆంపియర్లు అనుకుంటే పుట్టేది ఒక మిల్లీవోల్టు. 0.316 వోల్టు సిగ్నల్‌తో పోలిస్తే అది 50 డెసిబెల్స్ కింద. పాట నడుస్తుంటే వినపడకపోవచ్చు. ఇప్పుడు కంప్రెసర్ గట్టి చోట్లను 10 డెసిబెల్స్ నొక్కిందని, మీరు అవుట్‌పుట్ 10 పెంచి సరిచేశారని అనుకోండి. పల్లవికీ చరణానికీ మధ్య గాయని ఊపిరి తీసుకునే చోట నొక్కడానికేమీ లేదు, పెంచడం మాత్రం ఉంది. హమ్ 40 డెసిబెల్స్ కింద వరకు లేచి కూర్చుంటుంది. హెడ్‌ఫోన్లో అది స్పష్టంగా తెలిసిపోతుంది.

మన దగ్గర హమ్ ఎక్కువగా 50 హెర్ట్జ్‌లోనూ దాని రెట్టింపు 100లోనూ వినిపిస్తుంది. సంగీతం తెలిసినవాళ్లకు ఇదొక వింత చిరాకు. ఐదు శ్రుతి షడ్జమం మంద్రస్థాయిలో 98 హెర్ట్జ్. కరెంటు హమ్ దానికి పావు స్వరం కన్నా కాస్త తక్కువ దూరంలో, పైన నిలబడుతుంది. ఐదు శ్రుతిలో పాడేవారికి తంబూరాతో పాటు అపశ్రుతిలో మోగే ఇంకో తంబూరా అన్నమాట. అమెరికాలో అయితే హమ్ 60, 120 హెర్ట్జ్‌లలో ఉంటుంది. అక్కడి వీడియోలు చూసి 60 దగ్గర నాచ్ ఫిల్టరు పెట్టుకుంటే మనకు పని జరగదు.

మందు సులువే. స్టూడియో సరుకంతా ఒకే గోడ సాకెట్ నుంచి, ఒకే మంచి పవర్ స్ట్రిప్ మీద నడపండి. వలయం చిన్నదైతే దాన్లో పుట్టే కరెంటూ తగ్గుతుంది. వీలున్న ప్రతిచోటా బ్యాలెన్స్‌డ్ తీగ వాడండి. ఛార్జరు పీకి బ్యాటరీ మీద నడిపి చూడండి. హమ్ పోయిందంటే దొంగ దొరికినట్టే. అప్పటికీ పోకపోతే, రెండు వైపులా బ్యాలెన్స్‌డ్ ఉన్నచోట తీగకు ఒక చివర మాత్రమే షీల్డు వదిలేయొచ్చు, లేదా ఒకటికొకటి చుట్లున్న ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మధ్యలో పెట్టొచ్చు. ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండు వైపులకూ లోహపు సంబంధమే ఉండదు, సిగ్నల్ అయస్కాంతం మీద దాటుతుంది. కొన్ని పరికరాల్లో లోపం పుట్టుకతోనే ఉంటుంది. 1వ పిన్నును ఇనప పెట్టెకు కలపాల్సింది పోయి లోపలి సర్క్యూట్ బోర్డుకు కలుపుతారు. అప్పుడు షీల్డు మీది చెత్త నేరుగా ఇంట్లోకి నడిచి వస్తుంది. నీల్ మన్సీ అనే ఇంజనీరు 1995లో దీన్ని ‘పిన్ 1 సమస్య’ అని విడమరిచి రాశాడు. తరవాత ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ ఏఈఎస్48 అనే ప్రమాణం కూడా తెచ్చింది. అయినా చౌక సరుకులో ఈ తప్పు ఇంకా కనిపిస్తుంది.

ఒక పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. హమ్ పోవాలని ప్లగ్గులోని ఎర్త్ పిన్ను విరిచేయడం. హమ్ పోతుంది, నిజమే. డబ్బా లోపల ఏదో ఒకరోజు ఫేజు తీగ ఇనప పెట్టెకు తగిలితే 230 వోల్టులు పెట్టె మీదా, దానికి కలిసిన మైకు జాలీ మీదా నిలబడతాయి. మైకుకు పెదవులు ఆనించి పాడేది మీ గాయకుడు.

అమెరికా నుంచి అన్నయ్యో మేనమామో తెచ్చిపెట్టిన పరికరాల విషయంలో ఇంకో జాగ్రత్త. అక్కడి కరెంటు 120 వోల్టులు. స్విచింగ్ పవర్ సప్లై ఉన్నవి 100 నుంచి 240 దాకా తట్టుకుంటాయి, ఆ సంగతి వెనక రాసే ఉంటుంది. బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న అనలాగ్ డబ్బా అలా కాదు. వెనక 115/230 స్విచ్ ఉంటే ముందు దాన్ని మార్చి, ఫ్యూజును కూడా సుమారు సగం ఆంపియర్లకు మార్చి, అప్పుడు ప్లగ్గు పెట్టాలి. వోల్టేజీ రెట్టింపైతే కరెంటు సగమే పడుతుంది కాబట్టి పాత ఫ్యూజు ఉంచితే అది కాపలా కాయదు. స్విచ్ లేకపోతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. కరెంటు పోయినప్పుడు స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద రికార్డింగు కూడా పెట్టుకోకండి. దాని పదునైన అంచులు బుయ్యిమనే శబ్దంగా పాటలోకి వస్తాయి.

తీగలు సరిపోయాయి, హమ్ లేదు. ఇక మిగిలింది కాలం. కంప్యూటర్లోంచి బయటికెళ్లి, డబ్బాలో తిరిగి, మళ్లీ లోపలికి రావడానికి సిగ్నల్‌కు సమయం పడుతుంది. అనలాగ్ డబ్బాలో పట్టేది లెక్కలోకి రానంత తక్కువ. ఆలస్యమంతా కంప్యూటర్ బఫర్లలో, కన్వర్టర్లలో. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్ల బఫరు అంటే 2.67 మిల్లీసెకన్లు. అది వెళ్లేటప్పుడొకటి, వచ్చేటప్పుడొకటి, పైన కన్వర్టర్ల ఆలస్యం. అన్నీ కలిసి ఆరేడు మిల్లీసెకన్లు దాటడం మామూలే.

రికార్డింగ్ సాఫ్ట్‌వేరు ఈ ఆలస్యాన్ని తనే సరిచేస్తుంది, డ్రైవరు చెప్పిన లెక్కను నమ్మి. ఆ లెక్క తరచూ కొన్ని శాంపిళ్లు అటూ ఇటూ ఉంటుంది. ట్రాకు మొత్తం కంప్రెసర్ గుండా పోతే ఆ తేడా చెవికి తెలియదు. అసలు గొంతునూ కంప్రెస్ చేసిన గొంతునూ పక్కపక్కన కలిపినప్పుడు తెలుస్తుంది, మనవాళ్లు ప్యారలల్ కంప్రెషన్ అనేది. పది శాంపిళ్ల తేడా అంటే 0.208 మిల్లీసెకన్లు. అంత ఆలస్యం 2400 హెర్ట్జ్ దగ్గర సరిగ్గా అర తరంగం. ఒకటి పైకి లేస్తుంటే ఇంకోటి కిందికి దిగుతుంది, రెండూ రద్దవుతాయి. ఆపైన 7200 దగ్గర, 12000 దగ్గర మళ్లీ అదే కథ. 2400 చుట్టుపక్కల మన గొంతులో హల్లుల స్పష్టత ఉంటుంది. అక్కడ గొయ్యి పడితే పాట గొట్టంలోంచి వస్తున్నట్టుంటుంది. జనం దాన్ని ‘హార్డ్‌వేర్ క్యారెక్టర్’ అని మెచ్చుకోవడం కూడా విన్నాను!

మందు, ఆలస్యాన్ని కొలవడం. క్యూబేస్‌లో ఎక్స్‌టర్నల్ ఎఫెక్ట్ కలిపినప్పుడు, లాజిక్‌లో ఐ/ఓ ప్లగిన్ తెరిచినప్పుడు అందుకోసం ఒక మీట ఉంటుంది. అది టిక్కుమని ఒక చిటిక బయటికి పంపి, తిరిగి రావడానికి ఎన్ని శాంపిళ్లు పట్టిందో లెక్కపెడుతుంది. మీ సాఫ్ట్‌వేరులో అలాంటిది లేకపోతే అవుట్ 3ని తీగతో నేరుగా ఇన్‌పుట్‌కు కలిపి, ఒక క్లిక్కును పంపి రికార్డు చేసి, రెండింటినీ బాగా జూమ్ చేసి తేడా చూడండి. బఫరు సైజు మార్చిన ప్రతిసారీ మళ్లీ కొలవాలి. రివర్బ్ యూనిట్‌కు ఈ చాదస్తం అక్కర్లేదు. దాన్ని సెండు మీద పెట్టి, డబ్బాలో పొడి ధ్వని పూర్తిగా ఆపేసి తడి ధ్వని మాత్రమే తెచ్చుకుంటారు కాబట్టి కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యమైనా గది ఇంకాస్త పెద్దదన్నట్టే ఉంటుంది.

హార్డ్‌వేర్ వాడిన పాటను ఫైలుగా తీసేటప్పుడు సాఫ్ట్‌వేరు పరుగు పెట్టలేదు. నాలుగు నిమిషాల పాటకు నాలుగు నిమిషాలూ పడుతుంది. ఒకే డబ్బాను రెండు ట్రాకుల మీద వాడాలంటే మొదటిదాన్ని రికార్డు చేసి పక్కన పెట్టాకే రెండోది. నాబ్‌లకు జ్ఞాపకశక్తి ఉండదు, పని ముగించే ముందు ఫోన్‌తో ఫోటో తీసి పాట పేరుతో దాచుకోండి.

డబ్బాలు మూడు దాటితే ప్రతిసారీ వెనక్కి దూరి తీగలు మార్చడం నడుము నొప్పి వ్యవహారం. అప్పుడు ప్యాచ్‌బే కొనాలి. ముందువైపు పైవరసలో 24, కింది వరసలో 24 సాకెట్లుంటాయి. పైన పరికరాల అవుట్‌పుట్లు, కింద ఇన్‌పుట్లు. హాఫ్ నార్మల్ పద్ధతిలో ముందు ఏ తీగా పెట్టకపోయినా పైది కిందిదానికి లోపలే కలిసి ఉంటుంది. గోదావరి కాలువకు పక్క తూము తీస్తే కొంత నీరు పొలానికి పోతుంది, కాలువా ఆగదు. పై సాకెట్‌లో తీగ పెట్టడం అలాంటిదే, సిగ్నల్ రెండు వైపులా పోతుంది. కింది సాకెట్‌లో పెట్టడం కాలువకు అడ్డుకట్ట వేసి వేరే నీరు వదలడం లాంటిది, పాత సంబంధం తెగి కొత్త సిగ్నల్ లోపలికి పోతుంది. మైకు లైన్లను మాత్రం ఈ జాక్ ప్యాచ్‌బేలోకి తేకండి. పి-38 పిన్ను లోపలికి జారేటప్పుడు క్షణంపాటు కొన, ఉంగరం, ఒర ఒకదానికొకటి తగులుతాయి. ఆ సమయంలో 48 వోల్టుల ఫాంటమ్ ఆన్‌లో ఉంటే ప్రీఆంప్ దెబ్బతినొచ్చు.

డిజిటల్ సాకెట్లున్న పరికరాలతో వ్యవహారం చిన్నదే. ఆప్టికల్ తీగ మీద అడాట్ పద్ధతిలో 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఎనిమిది ఛానళ్లు, 96 దగ్గర నాలుగు పోతాయి. వెలుతురే కాబట్టి హమ్ ప్రసక్తి లేదు. కాకపోతే రెండు పరికరాల్లో ఒకటే గడియారాన్ని నడపాలి, ఇంకోటి దాన్ని అనుసరించాలి. రెండూ ఎవరి తాళం వాళ్లు వేసుకుంటే మధ్యమధ్యలో టిక్ టిక్‌మని చప్పుళ్లు వస్తాయి. ఎస్‌పీడిఫ్‌కు చూడటానికి ఆర్‌సీఏ లాంటి సాకెట్టే ఉన్నా, దానికి 75 ఓమ్‌ల తీగ వాడాలి. టీవీ వెనక మిగిలిన ఆడియో తీగ వద్దు.

ఇంత చెప్పాక, ఇవన్నీ ఇంట్లో అవసరమా అని అడిగితే నా జవాబు ఇది. మిక్సింగ్‌లో ప్లగిన్లు చాలు. హార్డ్‌వేర్ అక్కడ పెట్టే ఖర్చుకూ చాకిరీకీ తగినంత తిరిగివ్వదు. రికార్డు చేసేటప్పుడు మాత్రం ఒక్క మోనో కంప్రెసర్ విలువైనదే. మైకు నుంచి విడి ప్రీఆంప్, ప్రీఆంప్ నుంచి కంప్రెసర్, అక్కడి నుంచి ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్. ఆ దారిలో అవుట్‌పుట్లు ఖర్చు కావు, డబ్బా వల్ల కొత్త ఆలస్యం రాదు, కొలవాల్సిన పనీ లేదు. గాయకుడు హెడ్‌ఫోన్లో అదుపులో ఉన్న తన గొంతును వింటూ పాడతాడు. మూడు నాలుగు డెసిబెల్స్‌కు మించి నొక్కకండి, రికార్డయ్యాక దాన్ని వెనక్కి తీయలేం.

డబ్బాకు ఆర్డరు పెట్టే ముందు ఒక ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి, స్టూడియో గది సాకెట్‌లో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలిపించండి. రెండు మూడు వోల్టులు దాటి చూపిస్తే, లేదా మూడో రంధ్రానికి అసలు తీగే లేదని తేలితే, కంప్రెసర్ డబ్బులు ముందు ఎర్తింగుకు పెట్టండి.